పచ్చచుక్క వ్రతం

డిసెంబరు మూడో వారం దాటాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లోకి ఒక వింత రుతువు వస్తుంది. అమెరికాలో క్లయింటు పెట్టే బేడా సర్దుకుని క్రిస్మస్‌కు ఊరెళ్తాడు. వెళ్తూ వెళ్తూ ‘కోడ్ ఫ్రీజ్’ అని తాళం వేసి వెళ్తాడు. జనవరి మొదటి వారం దాకా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ వేలు పెట్టకూడదు. అక్కడి దుకాణాలకు ఏడాది మొత్తంలో గిరాకీ ఎక్కువుండే రోజులవి. అప్పుడు హైదరాబాదులో ఎవడో ఒక సెమికోలన్ మార్చి కొంప ముంచితే ఎలా? సబబైన జాగ్రత్తే. మరి వేలు పెట్టడమే వృత్తిగా బతికే ఇన్ని వేలమంది ఆ రెండు వారాలూ ఆ వేళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? దానికి మాత్రం ఎవరూ ప్లాన్ వెయ్యలేదు.

ఇంటికి పొమ్మంటే సంతోషంగా పోతారు. పొమ్మనరు. రావాలి, గేటు దగ్గర కార్డు గీకాలి, తొమ్మిది గంటలు లెక్క చూపాలి, ముట్టుకోకూడని కోడ్‌ను చూస్తూ కూచోవాలి. తీరా జనవరి రెండో వారంలో మనవాడికి అరిసెలూ గంగిరెద్దులూ గుర్తొచ్చే వేళకు, క్లయింటు కొత్త సంవత్సర తీర్మానాలతో, బాగా నిద్రపోయిన మొహంతో దిగుతాడు. ఏడాదిలో లేని తొందరంతా ఆ వారంలోనే. భోగికి ముందు విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లలోకి తొంగి చూడండి. వెనక సీట్లో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ‘నా మాట వినపడుతోందా’ అని ఇంగ్లీషులో బతిమాలుతున్న అల్లుడుగారు ఒకరు తప్పక కనిపిస్తారు. వాళ్ళకు పండగైతే మనకు గోళ్ళు గిల్లుకోవడం, మనకు పండగైతే వాళ్ళకు డెడ్‌లైన్. 1998లో ప్రధాని వాజ్‌పేయి వచ్చి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఈ ఏర్పాటు అప్పటినుంచీ ఉన్నదే, మార్చమని అడిగిన నాథుడు లేడు.

ఇలా ఖాళీగా కూచున్నవాడి మీద జాలిపడి సలహాలిచ్చే వర్గం ఒకటి తయారైంది. ఖాళీ దొరకడం అదృష్టం అనుకోండి. కొత్త స్కిల్ నేర్చుకోండి. మెయిల్‌బాక్స్ శుభ్రం చేసుకోండి. టేబుల్ సర్దుకోండి. పక్క టీమువాళ్ళతో పరిచయాలు పెంచుకోండి. గంటకోసారి లేచి నీళ్ళు తాగండి.

వీటిలో పనికొచ్చేది నీళ్ళొక్కటే. టేబుల్ సర్దుకుందామంటే అది మనది కాదు. చాలా ఆఫీసుల్లో ఇప్పుడు సీటును యాప్‌లో పూటకు బుక్ చేసుకోవాలి, సాయంత్రానికి ఖాళీ చేసి పోవాలి. వెంకటేశ్వరస్వామి బొమ్మ పెట్టుకుందామన్నా రేపు ఆ బొమ్మ ఎవరి పాలిట పడుతుందో తెలియదు. మెయిల్‌బాక్స్ శుభ్రం చెయ్యడానికి గంట పడుతుంది. మిగతా ఎనిమిది గంటలూ ఆ శుభ్రతను ఆస్వాదించాలి. పరిచయాలు పెంచుకుందామని పక్క టీమువైపు బయల్దేరితే, వాళ్ళూ అదే సలహా చదివి మనవైపే వస్తుంటారు. దారిలో కాఫీ మిషన్ దగ్గర ఎదురుపడి, ‘ఊపిరాడ్డం లేదు గురూ’ అంటే ‘ఇక్కడా అంతే బాసూ’ అనుకుని, రెండో కాఫీ కూడా తాగి విడిపోతారు.

ఇక కొత్త విద్య. కోర్సులు ఆఫీసువాళ్ళే ఇస్తారు, చూశామో లేదో లెక్క కూడా వాళ్ళే కడతారు. కట్టే లెక్కల్లా వీడియో చివరిదాకా నడిచిందా లేదా అన్నదే. అందుకని వీడియో ఒక మూల రెట్టింపు వేగంతో మూగగా పరిగెడుతుంటుంది, మనవాడు ఇంకో కిటికీలో ఇంటిలోను వడ్డీ లెక్కేసుకుంటుంటాడు. చివర పది ప్రశ్నలు. వాటి జవాబులు వాట్సాప్ గ్రూపులో బ్యాచి నుంచి బ్యాచికి వారసత్వంగా వస్తున్నాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది. లింక్డ్‌ఇన్‌లో పెడితే, అదే ఖాళీతో వేగుతున్న మిత్రులందరూ ‘కంగ్రాట్స్’ అని తలా ఒక నిమిషం గడుపుకుంటారు. నిజంగా కూచుని నేర్చుకునేవాళ్ళు లేరనను. వాళ్ళు క్లౌడ్ నేర్చుకుంటారు, ఏఐ నేర్చుకుంటారు, తీరా ప్రాజెక్టు దొరికాక తాము ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఎవరో రాసిపెట్టిన కోడ్‌లో తేదీ ముందా నెల ముందా అన్నది సరిచేసే పనిలో పడతారు.

నా తగాదా సలహాలతో కాదు, వాటి వెనకున్న నమ్మకంతో. ఖాళీ అనేది ఉద్యోగి ఒంట్లో పుట్టిన జబ్బనీ, మందు అతనే వేసుకోవాలనీ ఆ నమ్మకం. పని లేకపోవడం పని ఇవ్వాల్సినవాడి సంగతి కదా అని ఒక్క పెద్దమనిషీ అనడు.

ఈ నమ్మకం మీదే పచ్చచుక్క వ్రతం నడుస్తోంది. 2020లో ఇళ్ళన్నీ ఆఫీసులైనప్పుడు ఊరూవాడా పాకిన వ్రతం ఇది. ఆఫీసు చాట్ యాప్‌లో పేరు పక్కన చిన్న చుక్క ఉంటుంది. మనం కదులుతున్నంతసేపూ పచ్చగా వెలుగుతుంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో అయితే అయిదు నిమిషాలపాటు మౌసూ కీబోర్డూ ముట్టుకోకపోతే పసుపు రంగుకు తిరుగుతుంది. మన గడపలకు పసుపు శుభం, ఆఫీసులో కాదు. చుక్క పసుపైతే టీమ్ లీడ్‌కు అనుమానం, లీడ్‌కు అనుమానమైతే మేనేజరుకు నిర్ధారణ. కనక భక్తులు ఉదయాన్నే లేచి, స్నానం చేసినా చెయ్యకపోయినా లాగిన్ కావాలి. అయిదు నిమిషాలు నిండకముందే మౌసును ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ జరపాలి. బాత్రూముకు వెళ్ళినా ఫోను వెంట ఉండాలి. అన్నం ఎడమచేత్తో మౌసు పట్టుకుని తినాలి. మధ్యాహ్నం కునుకు పడితే వ్రతభంగం. ఉద్యాపన ఏప్రిల్‌లో, అప్రైజల్ నాడు. ఫలశ్రుతి మాత్రం ఆ ఏడాది బడ్జెట్‌ను బట్టి ఉంటుంది.

వ్రతం కఠినమైతే పరిహారాలు పుట్టుకొస్తాయి. మౌసును దానంతటదే కదిలించే పరికరాలు కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అదీ దండగనుకునేవాళ్ళకు ఇంకో ఉపాయం ఉంది. ముల్లు తిరిగే చేతి గడియారం మీద మౌసును పెడితే, కింద సెకన్ల ముల్లు కదలడం చూసి మౌసు తనే కదిలాననుకుంటుంది. తాతగారిని ఉద్యోగమున్నన్నాళ్ళూ పదింటికల్లా ఆఫీసుకు చేర్చిన హెచ్‌ఎంటీ గడియారం, ఇవాళ మనవడి బదులు తనే ఆఫీసు చేస్తోంది.

నవ్వులాట కాదు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుమందికి పైగా ఉద్యోగులను ఇందుకే తీసేసింది. కీబోర్డు నొక్కుతున్నట్టు నటించి, చురుగ్గా పనిచేస్తున్న భావన కలిగించారన్నది అభియోగం. ఆ వాక్యం నాకు మహా నచ్చింది. చురుగ్గా పనిచేస్తున్న భావన కలిగించడం నేరమైతే, ప్రతి సోమవారం పదకొండింటికి జరిగే స్టేటస్ మీటింగులో అరవై స్లైడ్ల పీపీటీ చూపించే పెద్దలందరికీ శిక్ష ఏమిటి? గడియారంతో మౌసు కదిలించినవాడు కనీసం ఇంకొకరి సమయం తినలేదు.

ఖాళీ ఉద్యోగి చరిత్రలో మొదటి ఉపకారి ఎవరంటే, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన ఒక ఇంటర్న్. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిన సాలిటేర్ పేకాట అతను రాసిందే. దానికి అతనికి రాయల్టీ ముట్టలేదు. అందులో ముందు ఒక ‘బాస్ కీ’ కూడా పెట్టాడు. పైవాడు వస్తున్న అలికిడైతే ఒక్క మీట నొక్కితే చాలు, పేకముక్కలు పోయి ఉత్తుత్తి లెక్కల పట్టిక ప్రత్యక్షం. మైక్రోసాఫ్ట్ ఆ మీట తీయించేసింది. పేకాట ఉంచి, మీట తీయించడంలోని నీతి ఏమిటో నాకిప్పటికీ బోధపడలేదు. ఫలితం 2006లో తేలింది. న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ తన నగరపాలక సంస్థవారి ఆఫీసొకటి చూడబోయి, ఒక ఉద్యోగి కంప్యూటర్ మీద సాలిటేర్ ఉండటం గమనించారు. అతని ఉద్యోగం పోయింది. ఆ రోజు అతని చేతిలో పని లేకపోయిందా, పని ఉండీ ఎగ్గొట్టాడా అన్నదానికి తెరమీది పేకముక్కలే సాక్ష్యం చెప్పేశాయి. మీట ఉండుంటే లెక్కల పట్టిక చూసి మేయరుగారు భుజం తట్టి వెళ్ళేవారేమో.

ఈ నటన గోల మన పాత సర్కారీ ఆఫీసుల్లో లేదు. పని లేదా, కుర్చీ వెనక తువాలు వేలాడేది, మనిషి వెళ్ళేవాడు. ‘సారిప్పుడే టీకెళ్ళారు’ అని పక్కాయన నిజాయితీగా అబద్ధం చెప్పేవాడు. అర్జీదారుడి ఉసురు తగలడం వేరే సంగతి. దాన్ని నేను వెనకేసుకురాను. ఇప్పుడు సచివాలయం నుంచి సర్కారీ బడి దాకా మొహం గుర్తుపట్టి వేసే హాజరు వచ్చింది. మొహం వచ్చిందని యంత్రం నూటికి నూరుపాళ్ళు చెప్పగలదు. మొహంతో పాటు ఫైలు కదిలిందా అన్నది దాని శాఖ కాదు.

ఈ విషయంలో ప్రపంచం మొత్తానికీ నమస్కరించదగ్గవాడు స్పెయిన్‌లో ఉన్నాడు. కాడిజ్ నగర పాలక సంస్థలో ఉద్యోగి. కనీసం ఆరేళ్ళు ఆఫీసుకు రాకుండానే జీతం తీసుకున్నాడని తేలింది. ఎలా తేలిందనుకున్నారు? ఇరవై ఏళ్ళ సేవకు సన్మానం చేద్దామని 2010లో వెతికితే మనిషి లేడు. ఒక విభాగం వాళ్ళు ఇంకో విభాగంలో ఉన్నాడనుకున్నారు, ఆ విభాగంవాళ్ళు ఈ విభాగంలో ఉన్నాడనుకున్నారు. శాలువా కప్పబోతే భుజాలు కనిపించలేదు. తర్వాత కోర్టు 27,000 యూరోల జరిమానా వేసింది. తనను పనిలేని చోట పడేశారని అతని వాదన. అతని పక్షం వాళ్ళు చెప్పినదాని ప్రకారం ఆ కాలమంతా స్పినోజా తత్వశాస్త్రం చదువుతూ ఉన్నాడట. ‘ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేసుకోండి’ అన్న సలహాను ఇంత శ్రద్ధగా పాటించిన ఉద్యోగి ఇంకొకడు ఉంటాడా? అయినా జరిమానాయే పడింది.

మన హైటెక్ సిటీకి వద్దాం. ఇక్కడ ఖాళీకి బెంచ్ అని పేరు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేలోపు కూచునే చోటు. ఈ బెంచ్ కుర్రాళ్ళ సోమరితనం వల్ల వచ్చింది కాదు, కంపెనీలే వేయించుకున్నది. క్లయింటు వచ్చే సోమవారానికి ఇరవైమంది కావాలంటే పంపగలగాలి, అందుకని కొందరిని అట్టేపెట్టుకోవడం ఆ వ్యాపారంలో భాగం. ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు మూడు నెలలకోసారి లాభాలు ప్రకటించేటప్పుడు యుటిలైజేషన్ అని ఒక శాతం కూడా చెబుతాయి. అది 80, 85 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. అంటే నూటికి పదిహేను, ఇరవైమంది ఆదాయం తెచ్చే పనిలో లేకపోవడం వాళ్ళ లెక్కల్లోనే ఆరోగ్య లక్షణం. మరీ 100కు దగ్గరైతే కొత్త కాంట్రాక్టు వచ్చినా మనిషి దొరకడని పైవాళ్ళే కంగారుపడతారు. ఇన్వెస్టర్ల ముందు ఖాళీ వ్యూహం. అదే ఖాళీ నాలుగో అంతస్తులో కుర్చీలో కనిపిస్తే మాత్రం నేరం.

అదే ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాట బయటికొచ్చింది. అది 90 గంటలు. ఆదివారం ఇంట్లో ఎంతసేపని భార్య మొహం చూస్తూ కూచుంటారని కూడా అడిగారాయన. అయ్యా, బెంచ్ మీదున్నవాడు తొమ్మిది గంటలూ చూస్తున్నది ఎక్సెల్ మొహం. ఇద్దరిలో ఎవరిని చూస్తూ కూచోవడం మేలో మీకెవరైనా చెబితే బాగుండు. చేతిలో ఉన్న 45 గంటలు నింపలేని వ్యాపారం ఇంకో 45 ఎందుకు అడుగుతోందో లెక్కల మాస్టారెవరైనా వివరించాలి.

2025 జూన్‌లో టీసీఎస్ కొత్త నిబంధన తెచ్చింది. ఏడాదిలో కనీసం 225 రోజులు ఉద్యోగి బిల్లు పడే పనిలో ఉండాలి, బెంచ్ మీద 35 రోజులకు మించకూడదు. ప్రాజెక్టు వెతుక్కునే బాధ్యతలో పెద్ద వాటా ఉద్యోగిదే. తర్వాతి నెలలోనే 12,000 మందికి పైగా, అంటే సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఆ రెండింటికీ ముడి ఉందో లేదో వాళ్ళకే ఎరుక. రెండూ ఒకదాని వెనక ఒకటి చదివిన కుర్రవాడు మాత్రం ముడి వేసుకోక మానడు. ఆర్డర్లు తెచ్చేది సేల్స్‌వాళ్ళు, క్లయింటును ఒప్పించేది ఆన్‌సైట్‌లో పెద్దలు, పని పంచేది మేనేజర్లు. రాకపోతే 36వ రోజు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం పాతికేళ్ళ కుర్రవాడు. అలాంటప్పుడు ‘మేడం, నాకు పని లేదండీ’ అని హెచ్‌ఆర్ ముందు నోరు విప్పే ధైర్యం ఎవరికుంటుంది? నిజం చెప్పినవాడి పేరే జాబితాకు ముందు అందుతుంది. అందుకే గడియారాలు తిరుగుతున్నాయి.

ఫ్రాన్స్‌లో ఒక అత్తరు కంపెనీ ఉద్యోగి, నాకు పని ఇవ్వకుండా కూచోబెట్టి ఆరోగ్యం పాడుచేశారని కోర్టుకెక్కితే 2020లో పారిస్ అప్పీలు కోర్టు అది వేధింపేనని ఒప్పుకుని పరిహారం ఇప్పించింది. ఈ సంగతి మా బంధువుల ఇంట్లో చెబితే ఇంటిల్లిపాదీ నవ్వారు. ‘పని లేకుండా జీతమిస్తే వేధింపా? ఆ వేధింపు మాకూ ఇప్పించు బాబాయ్’ అన్నాడు అప్పటికింకా ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లవాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. ఈ మధ్య కనిపించినప్పుడు ఆ మాట ఎత్తలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

ఏసీలో కూచుని నెల తిరగ్గానే జీతం తీసుకునేవాడి విసుగు కూడా ఒక కష్టమేనా అంటారు. నిజమే, మే నెలలో ఉపాధి హామీ మట్టి తవ్వేవాళ్ళ ముందు ఈ మాట అనడానికి నాకు నోరు రాదు. అంతదూరం కూడా పోనక్కర్లేదు. ఆ భవనంలోనే అందరికన్నా ఎక్కువ విసిగిపోయిన మనిషి గేటు దగ్గర ఉంటాడు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన సెక్యూరిటీ గార్డు. చాలాచోట్ల పన్నెండు గంటల డ్యూటీ. ఫోను చూడకూడదు, కూచోకూడదు, ఎవరూ రాకపోయినా వస్తున్నట్టే చూస్తుండాలి. అతనికి ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేసుకోమని ఎవరూ వ్యాసం రాయరు. కొత్త స్కిల్ నేర్చుకోమనరు. ఎందుకంటే అతని పనే ఏమీ జరగకుండా ఉండటమని అందరికీ తెలుసు. మంటలు లేని రోజున ఫైర్ స్టేషన్‌లో క్యారమ్స్ ఆడుకుంటుంటే కూడా ఎవరూ వెళ్ళి, ఊరికే కూచోకపోతే కాస్త ఎక్కడైనా నీళ్ళు చల్లరాదా అని అడగరు. అవసరం వచ్చినప్పుడు అందుబాటులో ఉండటానికే జీతం అన్న సంగతి అన్ని చోట్లా అర్థమవుతుంది, ఒక్క సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్ప. ఇక్కడ మంట లేకపోతే పొగైనా చూపించాలి.

ఆ పొగ వెయ్యడం ఒట్టి ఖర్చు కాదు, ఉపాధి కూడా. పార్కిన్‌సన్ అనే ఆయన 1955లో ఎకనమిస్ట్ పత్రికలో బ్రిటిష్ నౌకాదళం లెక్క ఒకటి బయటపెట్టాడు. 1914లో 62 పెద్ద యుద్ధనౌకలు ఉండేవి, 1928 నాటికి 20 మిగిలాయి. నౌకాశాఖ ఆఫీసులో అధికారులు మాత్రం అదే కాలంలో 2,000 నుంచి 3,569 అయ్యారు. ఓడలు తగ్గాక వాళ్ళంతా ఏం చేశారని అడక్కండి, ఒకరికొకరు పని కల్పించుకున్నారు. మన దగ్గరా అంతే. బెంచ్ మీదున్నవాళ్ళ జాబితా తయారుచెయ్యడానికి ఒకరు. ఆ జాబితాను రంగులు వేసి స్లైడ్లుగా మార్చడానికి ఇంకొకరు. ఎవరు ఏ కోర్సు చూశారో ఆరా తియ్యడానికి ఒక మీటింగు, ఆ మీటింగుకు ముందు దాని గురించి ఇంకో మీటింగు. శుక్రవారం మధ్యాహ్నం విసుగు పోగొట్టడానికి ‘ఫన్ ఫ్రైడే’, దానికి రానివాళ్ళను రమ్మని గుర్తుచేసే మెయిళ్ళు. బెలూన్లు ఊదడం కూడా ఎవరో ఒకరి గోల్స్‌లో రాసి ఉంటుంది. పని లేనివాళ్ళ పుణ్యమా అని పని దొరికినవాళ్ళు వీళ్ళు. డిసెంబరులో ఒక్క రోజు సెలవు దొరకని వాళ్ళూ వీళ్ళే.

నేను అడిగేది పెద్దదేం కాదు. టైమ్‌షీట్‌లో ట్రైనింగుకు ఒక కోడ్ ఉంది, మీటింగులకు ఒకటుంది, ప్రయాణానికి ఉంది, కరెంటు పోతే వేసుకోవడానికి కూడా ఉంది. ‘ఇవాళ పని లేదు’ అన్నదానికి లేదు. ఆ ఒక్కటీ చేర్చమనండి. ఆ కోడ్ వేసుకున్నవాడిని ఆ పూటకు ఇంటికి పొమ్మనండి, లేదా ఒక నవల తెచ్చుకుని బల్ల మీద బాహాటంగా చదువుకోమనండి. చుక్క పసుపైతే కానివ్వండి.

చేర్చరు. కుర్రాళ్ళు దుర్వినియోగం చేస్తారని భయమనుకున్నారా? కాదు. అంతస్తులవారీగా శుక్రవారం సాయంత్రం ఆ కోడ్ కింద గంటలు కూడితే, పైకి వెళ్ళేకొద్దీ అంకె పెరుగుతుంది.